ఏటిగట్టు వారి అర్జీ

దగ్గరికి జరగండి తల్లీ. ఆ వెనకాల స్తంభానికి ఆనుకున్నాయన కూడా ముందుకి రావాలి. స్వామిని ఒక్కసారి తలుచుకుని వినండి.

ఒక పెద్ద అడవిలో ఏటిగట్టున పుట్టిన ప్రాణులందరికీ 'ఏటిగట్టు' అనే ఇంటిపేరు. ఆ ఇంటిపేరుతో ఇద్దరు మహాకవులు వెలిశారు. ఒక కోకిల, ఒక గోరింక. ఎవరు ఏ పద్యం చెప్పారో ఎవరికీ గుర్తులేదు. "ఏటిగట్టు వారన్నట్టు" అని తలాడిస్తే చాలు, పండితుడి కిందే లెక్క.

స్వామి వేళ్ల గుర్తులు వీపున మోసే ఉడుత పైడమ్మదీ అదే ఇంటిపేరు. ఆవిడకి అది ఒక్కందుకే పనికొచ్చేది: గింజలు పంచేచోట తన వాటా 'కొండకింది' ఇంటిపేరున్న ఇంకో పైడమ్మకి పోకుండా.

ఇలా ఉండగా సాహిత్య సభ అధ్యక్షులు నక్కగారు కవుల పేర భవనం కడతానన్నారు. గుమ్మం మీద కవుల పేరుకన్నా తన పేరే పెద్దగా ఉంటుందని వేరే చెప్పాలా! స్థలానికి అడ్డం ఒక్క మద్దిచెట్టు. దాని తొర్రలోనే పైడమ్మ, కళ్లు తెరవని ముగ్గురు పిల్లలు.

పైడమ్మ టేకాకు మీద అర్జీ రాసి పట్టుకెళ్లింది. "అయ్యా, ఈ చెట్టు కొట్టకండి. పైన నా పిల్లలున్నారు. ఇట్లు, ఏటిగట్టు పైడమ్మ."

సంతకం చూడగానే నక్కగారు లేచి నిలబడ్డారు. "ఏటిగట్టా! ఆ రక్తం ఎక్కడికి పోతుందమ్మా! ఎంత క్లుప్తత!"

"ఆకు చాల్లేదు బాబూ. ఇంతకీ చెట్టు..."

"చెట్టంటే ప్రతీక కదమ్మా!" అన్నాడు విమర్శకుడు కొంగ పంతులు, కళ్లు మూసుకుని.

శాలువా కప్పారు. దాని కింద ఉడుత కనపడనే లేదు. అర్జీకి రాగం కట్టి, శంకుస్థాపనకి ప్రార్థనా గీతం చేశారు.

ఆ రోజు రానే వచ్చింది. పైడమ్మ తొర్రకి అడ్డంగా పడుకుంది. చెట్టు కూల్చడానికొచ్చిన అడవిపంది గురవయ్య దాని వేళ్లలో కోర దించాడు. నక్కగారు సైగ చేయగానే కుందేలు పిల్లలు పాట ఎత్తుకున్నారు: "అయ్యా, ఈ చెట్టు కొట్టకండీ... పైన నా పిల్లలున్నారూ..."

గురవయ్య ఆగాడు. పైకి చూశాడు. కోర వెనక్కి లాక్కున్నాడు.

"ఏమైందిరా?" అన్నారు నక్కగారు.

"కొట్టొద్దంటున్నారు కదండీ."

"అది పాటరా, మొద్దూ! ఏటిగట్టు వారిది!"

"ఎవరిదైతేనేం దొరా. పైన పిల్లలున్నారంట." అని తన దారిన పోయాడు.

ఇంకొకరిని పిలుద్దామంటే, అప్పటికే కుందేలు పిల్లలు పాట ఆపేసి పైకి చూస్తున్నారు. ఇక ఏ మొహంతో కొట్టిస్తారు? ఇప్పుడు శాలువా తొర్రలో పక్కగుడ్డ. నక్కగారి పేరు చెక్కిన రాయి మీద పైడమ్మ గింజలు ఆరబోసుకుంటోంది.

నీతి ఏమిటంటారా? సాహిత్యం అర్థం కావాలంటే, ముందు అది సాహిత్యమని తెలియకూడదు.

గురవయ్య కోర వెనక్కి లాక్కున్నాడే, ఆ ఒక్క పనీ గుర్తుంచుకోండి తల్లీ. ఇంటికెళ్లి నలుగురికీ చెప్పండి. అతని ఇంటిపేరేమిటని అడిగితే తెలీదనండి. అతన్నెవరూ అడగలేదు.