మంత్రిగారి షుగరు, పీఏ కడియం

షుగర్ ఉన్నవాళ్ళెవరూ ఇకమీదట దిక్కులేకుండా పడిపోనక్కర్లేదని, పడినా ప్రభుత్వానికి తెలిసేలా పడవచ్చని ఆరోగ్యశాఖ మంత్రిగారు సోమవారం పొద్దున పదకొండింటికి ప్రకటించారు. పథకం పేరు ప్రాణకంకణం. చేతికో స్టీలు కడియం. దాని మీద జబ్బు పేరు, వాడే మందు, ఆపదలో చేయాల్సిన ఫోన్ నంబరు చెక్కి ఉంటాయి. మనిషి పేరు ఉండదు. రోగుల గోప్యత విషయంలో మంత్రిగారు రాజీపడే మనిషి కాదు.

గోప్యత విలువ ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పద్నాలుగేళ్ళుగా ఆయనకు షుగర్. రోజుకు మూడు ఇన్సులిన్ సూదులు. ఈ సంగతి ఆయనకు, డాక్టరుకు, పీఏకి మాత్రమే తెలుసు. ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. ఆవిడ తమ్ముడు అదే పార్టీలో పైకి రావాలని చూస్తున్నాడు మరి.

మొదటి కడియం పట్టుకుని శాఖ కార్యదర్శి వచ్చాడు.

"తొలి కడియం తమరు తొడుక్కుంటే ఆదర్శంగా ఉంటుంది సార్."

"నాకేమన్నా జబ్బా?"

"అయ్యో, లేదు సార్."

"మరి? వచ్చే నెల మంత్రివర్గంలో మార్పులు. గట్టిగా ఉన్నవాళ్ళకే పెద్ద శాఖలని మన ముఖ్యమంత్రి పెద్దాయన అంటున్నాడు. ఇది తొడుక్కుని ఆయన ఎదుట తిరగమంటావా?"

కార్యదర్శి కడియం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పీఏ తలుపు దగ్గరగా వేశాడు.

"సార్, నిజానికి ఒకటి ఉంటే మంచిదే. మొన్న కారులో మీకు షుగర్ పడిపోయినప్పుడు నేను పక్కన లేకపోతే కొంప మునిగేది."

మంత్రిగారు కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే పీఏకి భయం.

"నా కళ్ళజోడు ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గర సార్."

"నా ఫోన్లు?"

"నా దగ్గరే సార్."

"నా సూదులు, నా చక్కెర పొట్లాలు?"

"నా జేబులోనే సార్."

"మరి ఇదొక్కటి నేను మోయడమేంటయ్యా? చెయ్యి చాపు."

పీఏ చాపాడు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో వద్దనడం ఎలాగో మర్చిపోయాడు. కడియం టక్కుమని పడింది. దొంగలు విప్పుకుపోకుండా దానికో తాళం పెట్టారు. తాళంచెవి శాఖ స్టోరులో ఉంటుంది, అది బయటికి రావాలంటే మూడు సంతకాలు కావాలి. కడియం మీద షుగర్ అనీ ఇన్సులిన్ అనీ చెక్కి ఉంది. ఆపదలో పిలవాల్సిన నంబరు కూడా ఉంది. మంత్రిగారికి ఆపదొస్తే పిలవాల్సింది పీఏనే కాబట్టి అది పీఏ నంబరే.

ఆ సాయంత్రం పీఏ ఇంట్లో అతని భార్య దాన్ని చూసి ఏడుపు మొదలుపెట్టింది. "ఇన్నాళ్ళూ నా దగ్గర దాచారా?" అంది. నిజం చెబితే ప్రభుత్వ రహస్యం బయటపడుతుంది. అందుకని పీఏ ఆ రోజు నుంచి ఇంట్లో చప్పటి టీ తాగుతున్నాడు.

ప్రారంభోత్సవానికి ముందురోజు ఏర్పాట్లు చూద్దామని పీఏ హాలుకు వెళ్ళాడు. కుర్చీల కింద ఊడుస్తున్న ఆవిడ చీపురు ఆపి అతని చేతికేసి చూసింది. అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు, ఆమెకంటే పెద్దవాళ్ళతో సహా.

"బాబూ, మీకు ఇదెలా దొరికింది? పథకం ప్రకటించిన రోజే అర్జీ పెట్టాను, ఇంకా తిరుగుతూనే ఉన్నా."

"ఏమన్నారు?"

"పడిపోయినట్టు రుజువు తెమ్మన్నారు. రెండుసార్లు పడ్డాను బాబూ. సాక్షి సంతకం కావాలంట. లేచి చూసేసరికి ఎవరూ లేరు."

ఆమె మెడలో తాడుకు ఒక అట్టముక్క వేలాడుతోంది. పథకం ఆహ్వానపత్రిక నుంచి కత్తిరించింది. ఒకవైపు మంత్రిగారి నవ్వులో సగం ఉంది. రెండోవైపు నీలం సిరాతో వంకర అక్షరాలు: 'నాకు షుగర్. సూది వేసుకుంటాను. తూలితే తాగుడు కాదు. తీపి పట్టండి. కూతురి నంబరు ఇది.'

"మా అమ్మాయి రాసిచ్చింది. అందాకా ఇది వేసుకుంటున్నా" అంది.

తన చేతికున్న దాని కంటే ఆ అట్టముక్క మీద ఎక్కువ సంగతులున్నాయని పీఏకి అనిపించింది. సిగ్గేసింది కూడా. అర్జీ సంగతి చూస్తానన్నాడు. చూస్తాననడం ఉద్యోగంలో అతనికి బాగా వచ్చిన మాట.

మర్నాడు పదింటికి సభ. తొమ్మిదిన్నరకు మంత్రిగారు సూది వేయించుకున్నారు. పదింటిలోపే వేదిక వెనక ఫలహారం చేయాలని ఏర్పాటు. ముఖ్య అతిథిగా రావాల్సిన పెద్దాయన మాత్రం పన్నెండున్నర దాకా రాలేదు, సభ మొదలవలేదు. వేదిక వెనకంతా కెమెరాలు. షుగర్ సభలో మంత్రి తింటున్న ఫొటో పడితే పరువేం కావాలని మంత్రిగారు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

వేదిక కింద ప్రాణమిత్రులనే పథకం కార్యకర్తలు ఇరవైమంది పసుపు చొక్కాలతో నిలబడ్డారు. వాళ్ళకు శాఖ రెండ్రోజులు శిక్షణ ఇచ్చింది. శిక్షణ పుస్తకంలో మూడు ముక్కలే ఉన్నాయి. మొహం చూడొద్దు, చెయ్యి చూడు. కడియం ఉన్నవాడికి చెమట పడితే వెంటనే పట్టుకో. తనకేమీ లేదని రోగి వాదిస్తాడు, నమ్మొద్దు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. కడియాలు మనుషులకే కాదు, బస్సులకు కూడా తొడుగుతామన్నారు. చప్పట్లు. వంతెనలకూ షుగర్ ఉంటుందన్నారు. ఇంకా చప్పట్లు. మాట ముద్దగా వస్తోంది, చెమట కాలరు దాకా కారుతోంది. అయినా హాల్లో ఎవరికీ తేడా కనపడలేదు. ఆయన ప్రసంగాలు విన్నవాళ్ళకు కనపడదు కూడా.

అప్పుడు మంత్రిగారు గొంతు తగ్గించి, "నిజం చెప్పాలంటే ఈ పథకం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పొరపాటు నాదే" అన్నారు.

విలేకరులు 'వినయశీలి' అని రాసుకున్నారు. పీఏకి మాత్రం ముచ్చెమటలు పోశాయి. పన్నెండేళ్ళలో ఆయన పొరపాటు ఒప్పుకున్నది షుగర్ నలభైకి పడిపోయిన రెండు రోజులే. ఇక మిగిలింది నిమిషాలే. జేబులోని చక్కెర పొట్లాలు పిడికిట్లో పట్టుకుని హాలు చివర నుంచి వేదిక వైపు పరుగెత్తాడు.

పరుగెత్తే మనిషి. ఒళ్ళంతా చెమట. చేతికి కడియం. ప్రాణమిత్రులు ఎగిరి పట్టుకున్నారు.

"నాకు కాదు! మంత్రిగారికి!"

"వాదిస్తున్నాడు" అన్నాడు ఒకడు సంతోషంగా.

"నాకు షుగర్ లేదయ్యా బాబూ!"

"అచ్చం పుస్తకంలో ఉన్నట్టే."

చేతిలో చక్కెర కనపడగానే వాళ్ళకు మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి నడుముకు, కాళ్ళకు బెల్టులు బిగించారు. ఒకడు కడియం మీది నంబరుకు ఫోన్ చేశాడు. పీఏ జేబు మోగింది. పన్నెండేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే ఫోన్ తీసింది.

"హలో, మీవాళ్ళొకరు ఇక్కడ పడిపోయారు" అన్నాడు వాడు అడుగు దూరం నుంచి.

"పడిపోయింది నేను కాదు!" అని పీఏ ఫోన్లో అరిచాడు.

రోగి తనతో తానే మాట్లాడుతున్నాడని రికార్డులో రాసుకున్నారు. రక్తం చూసే మిషన్లు వచ్చాయి గానీ బ్యాటరీలు ఇంకా టెండర్లో ఉన్నాయి. అందుకని కడియాన్ని నమ్మి గ్లూకోజు ఎక్కించారు. అంబులెన్సు తలుపు మూసుకునే ముందు పీఏకి కనపడిన చివరి దృశ్యం వేదిక మీద కుర్చీలో పక్కకి వాలిన మంత్రిగారి తల. కార్యదర్శి పెదాల మీద వేలు పెట్టి, మంత్రిగారు ఆలోచిస్తున్నారని అందరికీ సైగ చేస్తున్నాడు. పీఏ పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఎంతైనా పన్నెండేళ్ళు కనిపెట్టుకున్న మనిషి.

ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కుతున్న చేతినుంచే రక్తం తీశారు. మూడొందల పది.

"మీకు షుగర్ లేదన్నారట?" అని డాక్టరు జాలిగా నవ్వి, ఉందని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు.

సాయంత్రం మంత్రిగారు నిక్షేపంలా నడిచి వచ్చారు. వెంట కెమెరాలు. పీఏ చెయ్యి పట్టుకుని, "ప్రాణకంకణం కాపాడిన తొలి ప్రాణం మా తమ్ముడిదే కావడం నా అదృష్టం" అన్నారు. కెమెరాలు వెళ్ళాక గొంతు తగ్గించారు.

"నా చక్కెర జేబులో వేసుకుని నువ్వు షికారు పోయావు. ఆ ఊడ్చే ఆవిడ లేకపోతే ఈపాటికి సంతాపసభ నడిచేది. సీసాలు ఏరడానికి వేదిక ఎక్కి, నా చేతులు వణకడం చూసిందట. మింగగలనో లేదో చూసుకుని తన చక్కెర నీళ్ళు గుక్కగుక్కగా తాగించింది."

పీఏ కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "ఆమెకు ఒక కడియం ఇప్పిద్దాం సార్. అర్జీ ఉంది."

"ఇప్పిద్దాం, ఇప్పిద్దాం. ముందు ఇంకొకటి రాసుకో. అందరి ముందు 'సారుకి షుగర్ పడిపోయింది' అని అరిచింది. పెద్దాయన విన్నాడు. నాకు షుగర్ ఎక్కడుందయ్యా? ఉన్నది నీకు. సర్టిఫికెట్ కూడా ఉంది."

పీఏ రాసుకున్నాడు. రాయడం పూర్తయ్యాక చదివి, దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

మూడోరోజు పొద్దున అతను ఆఫీసులో కూర్చున్నాడు. అక్క కాగితం పట్టుకుని వచ్చింది.

"కాస్త చదివి పెట్టండి బాబూ. ప్రభుత్వం నాకు ఉత్తరం రాసింది. మెచ్చుకున్నారా?"

తను రాసిన మెమోని తనే చదివాడు. మంత్రిగారికి లేని జబ్బుకు వైద్యం చేసినందుకు వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. ప్రభుత్వ ముద్ర లేని గుర్తింపు అట్ట ధరించినందుకు దాన్ని వెంటనే పీఏకి అప్పగించాలి.

 అక్క మెడలోంచి తాడు తీసి బల్ల మీద పెట్టింది. "సంజాయిషీలో నేనే పొరపడ్డానని రాయండి. నాలాగే వణుకుతున్నాడు, పాపం అనుకున్నా. అంతే" అంది. "మరి నేను పడితే ఎవరికి తెలుస్తుంది బాబూ?"

పీఏ తన కడియం వైపు చూసుకున్నాడు. తాళంచెవికి ఇంకా ఒక సంతకమే అయింది. లోపలి గదిలోంచి మంత్రిగారు గంట కొట్టారు. పీఏ లేవలేదు. అలా లేవకపోవడం అదే మొదటిసారి.

"వస్తువు తీసుకుంటే రసీదు ఇవ్వాలక్కా. రూలు" అన్నాడు.

శాఖ ముద్ర ఉన్న మందపాటి కాగితం తీసి, తప్పు దొర్లకుండా పెద్ద అక్షరాలతో రాశాడు. 'ఈ రసీదు ధరించిన ఆమె వద్ద నుంచి ఒక అట్ట స్వాధీనం చేసుకున్నాము. దానిపై ఉన్నది యథాతథంగా: నాకు షుగర్. సూది వేసుకుంటాను. తూలితే తాగుడు కాదు. తీపి పట్టండి. కూతురి నంబరు ఇది.' నంబరు రెండుసార్లు సరిచూశాడు. కింద సంతకం పెట్టి గుండ్రటి సీలు వేశాడు. పైన రెండు చిల్లులు పొడిచి, అదే తాడు గుచ్చాడు.

అక్క దాన్ని మెడలో వేసుకుని సీలు మీద వేలితో తడిమి చూసింది.

"మంత్రిగారి బొమ్మ లేదేం బాబూ?"

"చోటు సరిపోలేదక్కా."

గంట మళ్ళీ మోగింది. పీఏ చక్కెర పొట్లాలు జేబులో ఉన్నాయో లేదో తడిమి చూసుకుని లోపలికి వెళ్ళాడు.