వీర వెల్డర్ కవచం: ఆమోదించిన నమూనా

సరిహద్దులో కాల్పులు మొదలైన మర్నాడే తాటి ఉత్పత్తుల సంస్థ చైర్మన్ నరసింగరావు గారు చీపురుపల్లి మార్కెట్లో మైకు పుచ్చుకున్నారు. యుద్ధభూమిలో వెల్డింగు చేసే ప్రతి జవానుకీ తల నుంచి కాలి దాకా కవచం తొడుగుతామని ప్రకటించారు. పథకం పేరు వీర వెల్డర్. తాటిబెల్లానికీ వెల్డింగుకీ ఏమిటి సంబంధమని వెనక ఎవరో గొణిగారు. దేశభక్తికి శాఖలుండవని చైర్మన్ గారు అక్కడికక్కడే జవాబిచ్చారు. ఆ వాక్యం నేనే రాసిచ్చాను. వారి ప్రెస్ నోట్లన్నీ నా జిరాక్స్ షాపులోనే టైపవుతాయి.

కవచం ఎలా ఉంటుందో మాత్రం ఆ సభలో ఎవరికీ తెలియదు. అదృష్టం చూడండి, తెలిసిన మనిషి నా పక్క షాపులోనే ఉన్నాడు. టైలర్ అసిరమ్మ కొడుకు ధర్మేంద్ర సైన్యంలో వెల్డరు. దెబ్బతిన్న బండి ఎక్కడ ఆగిపోతే అక్కడికే వెళ్లి అతుకుతాడు. గొడవలకు ముందే సెలవు మీద వచ్చాడు. ఏప్రాన్ పట్టీ తల్లి చేత కుట్టించుకుందామని తన సామాను వెంట తెచ్చుకున్నాడు.

సంగతి తెలిసి చైర్మన్ గారు మందీమార్బలంతో అసిరమ్మ షాపుకి విచ్చేశారు. తోలు ఏప్రాను, మోచేతి దాకా వచ్చే తోలు గ్లౌజులు, నల్లద్దం మాస్కు బల్ల మీద ఉన్నాయి.

"నైలాన్ గుడ్డ పనికిరాదండి. రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుపోతాది. నూలు బట్ట, దాని మీద తోలు. అంతే," అన్నాడు ధర్మేంద్ర.

"అద్భుతం," అన్నారు చైర్మన్ గారు, నైలాన్ పార్టీ కండువా సర్దుకుంటూ. సామానంతా శాంపిల్‌గా స్వీకరించారు. ఎవరూ ఇస్తామనలేదు. పుచ్చుకోవడంలో వారి చొరవ అలాంటిది. సాయంత్రానికల్లా అది సంస్థ ఆఫీసులో అద్దాల పెట్టెలో ఉంది, పైన వారి ఫొటో.

మర్నాడు ధర్మేంద్రకి పిలుపొచ్చింది. సెలవు రద్దు, తెల్లారితే రైలు. అతనితో నేనూ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ మేనేజర్ తిరుమలరావు గారు నియమాల మనిషి.

"నా గ్లౌజులు నాకిచ్చీండి సార్. యుద్ధానికెల్తన్నాను."

"అవిప్పుడు గ్లౌజులు కావయ్యా, శాంపిల్. కమిటీ చూసేదాకా కదపకూడదు."

"కమిటీ ఎప్పుడొస్తాది సార్?"

"అత్యవసరం కదా, పదిహేను రోజుల్లో వచ్చేస్తుంది."

"మరి నాకేటి దారి?"

"నువ్వు వెల్డరువే కదా. పథకంలో నీకూ కిట్టొస్తుంది."

ఇంత స్పష్టమైన జవాబు నేను ఏ ఆఫీసులోనూ వినలేదు. ధర్మేంద్ర తన చేతులు చూసుకున్నాడు. ఆ గ్లౌజులు మూడేళ్ల వాడకంలో అతని వేళ్లకు అలవాటు పడ్డాయట. కొత్తవి బిరుసుగా ఉంటాయి, తూటాలు పడే చోట చెయ్యి తడబడితే కాలేది చెయ్యే. నిజం చెబుతున్నాను, నాకు సిగ్గేసింది. ఆ ప్రెస్ నోటు టైపు చేసింది నేనే మరి.

అసిరమ్మకు సిగ్గుపడే తీరిక లేదు. మా మాట వినగానే, మిషను తొక్కి తొక్కి మోకాలు అరిగిన కుడి కాలు ఈడ్చుకుంటూ మేనేజర్ దగ్గరికి వెళ్లింది.

"బాబూ, ఏప్రానుకి పార్టీ రంగు అంచు లేదేటి? చైర్మన్ గారు సూస్తే ఏటనుకుంటారు?"

తిరుమలరావు గారు ఉలిక్కిపడ్డారు. తన చేత్తోనే పెట్టె తెరిచి, మూట కట్టి ఆమెకిచ్చి, సాయంత్రంలోగా అంచు కుట్టి తెమ్మన్నారు.

సాయంత్రంలోగా మూట తిరిగొచ్చింది. బియ్యం గోనెతో ఏప్రాను, చుట్టూ రంగు అంచు. పాత జీన్సు పేంటు కాళ్లతో గ్లౌజులు. పగిలిన బకెట్టుతో మాస్కు. నల్లద్దం ఉండాల్సిన చోట అసిరమ్మ మోకాలి ఎక్స్‌రే. తీయించుకుందే గాని డాక్టరుకి చూపించే తీరిక దొరక్క, గ్రహణం చూడ్డానికి పనికొస్తుందని దాచుకున్నది.

"అక్కా, దొరికిపోతావు," అన్నాను.

"ఎవరు సూస్తార్రా తమ్ముడూ? అంచు సూస్తారు."

ధర్మేంద్ర తన సామాను సంచిలో సర్దుకుని రైలెక్కాడు. చైర్మన్ గారు ప్లాట్‌ఫారం మీద జెండా ఊపారు. రైలు అప్పటికే స్టేషను దాటింది.

కమిటీ వచ్చింది. ముగ్గురు సభ్యులు పెట్టె చుట్టూ తిరిగి అంచును మెచ్చుకున్నారు. నమూనాకు పిసరంత తేడా లేకుండా అయిదు వందల కిట్లు చేయించాలని తీర్మానించారు. జిల్లా మహిళను ప్రోత్సహించాలని కుట్టుపని అసిరమ్మకే ఇచ్చారు. ఎక్స్‌రేని ప్లాస్టిక్ షీట్ల మీద అయిదు వందల కాపీలు తీసే భాగ్యం నాకు దక్కింది.

రెండు నెలలకు ధర్మేంద్ర ఫోన్ చేశాడు. అసిరమ్మ మిషను తొక్కుతూనే స్పీకరు పెట్టింది.

"అమ్మా, కిట్లొచ్చినాయే."

"ఎవరైనా ఏసుకున్నారేటి, కొంపదీసి?"

"లేదమ్మా. ఏప్రాన్లు బండి కింద పరుసుకుని పడుకుంటన్నాం. మాస్కు మాత్రం మా మిలటరీ డాక్టరు గారు ఎండకెత్తి సూసినారు."

"ఏటన్నారు?"

"ఈ మోకాలు ఎవరిదో గాని, ఆ మనిషి ఇంక కాలు కదపకూడదన్నారు. ఎంటనే ఆపరేషను సేయించమన్నారు."

మిషను ఆగింది. గుమ్మంలో తిరుమలరావు గారు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"రెండో విడత వెయ్యి కిట్లమ్మా. అంచు ఇంకో అంగుళం వెడల్పు పెట్టమన్నారు. తక్కినదంతా నమూనా ప్రకారమే."

అసిరమ్మ కొడుకుతో మళ్లీ మాట్లాడతానని ఫోన్ పెట్టేసి, కుడి కాలు చేత్తో ఎత్తి పెడల్ మీద పెట్టుకుంది.