ధూమరసజ్ఞ సంఘంలో పళ్ళ డాక్టరు

“మనిషిని మృగం నుంచి వేరు చేసింది పొగ!” అని ప్రకటించాడు అధ్యక్షుడు, ముక్కు గట్టిగా చీది రుమాలు జేబులో కుక్కుకుంటూ. “మృగం తింటుంది, నీళ్ళు తాగుతుంది, పడుకుంటుంది. పొగ తాగగలదా? తాగి, అందులో రుచులెన్నో చెప్పగలదా?”

చెప్పలేదని ధూమరసజ్ఞ సంఘం ముక్తకంఠంతో ఒప్పుకుంది.

అధ్యక్షుడు పగటిపూట ఊపిరితిత్తుల వైద్యుడు, పెద్దాసుపత్రికి డైరెక్టరు. ఆయనకు కుడిపక్క రిటైరైన జడ్జి, ఎడమపక్క కాలేజీ ప్రిన్సిపాలు. ఎదురుగా కుర్చీ అంచు మీద సగం మాత్రమే కూచున్నవాడు పళ్ళ డాక్టరు. మిగతా సగం కూచోవాలంటే ఈ సాయంత్రం అతను సభ్యుడు కావాలి. ఒక్కరు అడ్డం చెప్పినా అంతే సంగతులు.

ఆసుపత్రిలో కొత్తగా పళ్ళ విభాగం పెడుతున్నారు. దాని పెద్ద కుర్చీకి ఈ సంఘానికి సంబంధం ఉందని ఎవరూ అనలేదు. కాకపోతే కళ్ళ విభాగం పెద్ద, ఎముకల విభాగం పెద్ద, చర్మం విభాగం పెద్ద ఈ సోఫాల్లో పొగ రింగులు వదిలినవాళ్ళే. బయల్దేరేటప్పుడు భార్య ఊరుకుందా?

“పొద్దస్తమానం పొగాకు మానండి, పళ్ళూడిపోతాయని జనం మీద అరుస్తారు గదండీ. ఇప్పుడు మీరే తగుదునమ్మా అని వెళ్తారా?”

“అది పొగాకు. ఇది సిగారు.”

“రెంటికీ తేడా ఏంటో?”

“కూచునే చోటు” అని చెప్పులేసుకున్నాడు.

సంఘం పద్ధతి ఒకటుంది. అధ్యక్షుడు ఏం చేస్తే అందరూ అదే చెయ్యాలి. ఆయన మొదటి దమ్ము పీల్చి ఒక రుచి పేరు చెబితే, తక్కినవాళ్ళు తలా ఒకటి కలపాలి. అదంతా ప్రిన్సిపాలు రాసి పత్రికకు పంపితే, ఊళ్ళోని పెద్దమనుషులు ఆ నెలంతా ఆ సిగారే కొంటారు.

ఎప్పుడూ కంపెనీ ఏజెంటే వచ్చి, సిగార్లు కోసి, వెలిగించి, చేతికందించేవాడు. ఇవాళ అతను దారిలో చిక్కుకుపోయాడు. పెట్టె మాత్రం ముందే వచ్చింది. అధ్యక్షుడికి ఆగే ఓపిక లేదు.

“పొగ చిక్కదనాన్ని ‘ఒళ్ళు’ అంటాం కదా, నిండైన ఒళ్ళున్న సరుకట ఇది! కానివ్వండి.”

ఆయన ఒక సిగారు తీశాడు. దానికి చర్మంలా అంటుకున్న పల్చటి ప్లాస్టిక్ కవరుంది. కవరుతోనే కొస కత్తిరించాడు, కవరుతోనే వెలిగించాడు. అసలే జలుబు, ఆ ముక్కులోకి గాలే దూరడంలేదు, ఇక వాసనేం దూరుతుంది? చివర చిటపటమని నల్లటి బొట్టొకటి బూడిద పళ్ళెంలో రాలింది. కరెంటు తీగ కాలినట్టు గదంతా కంపు.

జడ్జి చూశాడు. ప్రిన్సిపాలు చూశాడు. ఇద్దరూ కవర్లతోనే వెలిగించారు.

పళ్ళ డాక్టరు బల్ల కింద గోటితో కవరు గీకబోయాడు.

“ఏంటండీ, ఏం చేస్తున్నారు?” అన్నాడు జడ్జి.

“అబ్బే, ఒళ్ళు నిమురుతున్నానండీ” అని అతనూ కవరుతోనే వెలిగించాడు.

అధ్యక్షుడు కళ్ళు మూసుకుని పొగ వదిలాడు. “ఆహా! వెన్న.”

“వెన్న వెనకాల బాదం పప్పు” అన్నాడు ప్రిన్సిపాలు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

“నాకైతే పాత లైబ్రరీ తగుల్తోంది. తోలు అట్టలు” అని జడ్జి తీర్పు చెప్పి, తీర్పు పొడుగునా దగ్గాడు.

అందరూ పళ్ళ డాక్టరు వంక తిరిగారు. పీల్చాడు. గొంతులో ఎవరో ప్లాస్టిక్ బకెట్టు కరిగించి పోసినట్టుంది.

“తేనె” అన్నాడు.

“ఏ పువ్వు తేనె?” అన్నాడు ప్రిన్సిపాలు. పరీక్షలు పెట్టిన నోరు మరి!

“ఇంకా... పూయాల్సిన పువ్వుదండీ.”

“శభాష్!” అన్నాడు అధ్యక్షుడు. “రాసుకోండి ప్రిన్సిపాలుగారూ. ఆరంభంలో గాంభీర్యం, మధ్యలో వినయం, చివర్లో...”

చివర్లో తలుపు తోసుకుని ఏజెంటు వచ్చాడు. ముక్కు ఎగబీల్చాడు.

“అయ్యయ్యో! కవరు తియ్యకుండా కాల్చేస్తున్నారేంటి సార్!”

అధ్యక్షుడు తన సిగారును ఇటూ అటూ తిప్పి చూశాడు. డైరెక్టరు ఊరికే అవుతారా ఎవరైనా? క్షణంలో తేరుకున్నాడు.

“ఇది పరీక్ష. కొత్త మనిషికి కన్నుందో లేదో చూద్దామని నేనే పెట్టాను.”

“నేను అప్పుడే గ్రహించాను” అన్నాడు జడ్జి.

“నేను కత్తిరించేటప్పుడే” అన్నాడు ప్రిన్సిపాలు. “పాపం, డాక్టరుగారే గమనించలేదు.”

ముగ్గురూ జాలిగా చూశారు. పళ్ళ విభాగం పెద్ద కుర్చీ పొగలో పొగై పోతున్నట్టు కనిపించింది అతనికి. చూశానంటే, తేనె ఎందుకన్నావంటారు. చూడలేదంటే గుడ్డివాడంటారు. కుర్చీలో పూర్తిగా వెనక్కి జారగిలబడి, కాలు మీద కాలేసుకున్నాడు.

“గమనించకపోవడమేంటి సార్? అసలు తియ్యకూడదు కదా!”

“అంటే?”

“పై దేశాల్లో పేరున్నవాళ్ళెవరూ తియ్యరు. తీస్తే ఒళ్ళు పల్చబడిపోతుంది. తీసి కాల్చేది కొత్తగా డబ్బు చేసినవాళ్ళు. తమకు తెలియందేముంది!”

అని అందరూ చూస్తుండగా ఇంకో నిండు దమ్ము లాగాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. చిరునవ్వు మాత్రం చెరగనివ్వలేదు.

తనకు తెలియదని అనడానికి అక్కడెవరికి దమ్ముంది?

“నేను చెప్పబోయింది అదే!” అన్నాడు అధ్యక్షుడు. “పరీక్షలో నెగ్గాడయ్యా!”

“పాత కేసులో ఎక్కడో చదివాను” అన్నాడు జడ్జి. ప్రిన్సిపాలు సమీక్షలో చేర్చాడు: కవరుతోనే సేవించవలెను.

నోరు తెరిచిన ఏజెంటు ముగ్గురి మొహాలూ చూసి, నోరు మూసుకుని, చేతులు కట్టుకున్నాడు. “ఈ కిటుకు బయటికి పొక్కకూడదని కంపెనీవాళ్ళు ఎంత దాచారు సార్! తమరు కనిపెట్టేశారు!” ఇంకో రెండు పెట్టెలకు ఆర్డరు రాసుకుని వసారాలోకి నడిచాడు.

పళ్ళ డాక్టరు ఏకగ్రీవంగా సభ్యుడయ్యాడు. ప్రతి వారం హాజరు, ప్రతి వారం సిగారు, ప్రతి సిగారుకూ కవరు తప్పనిసరి. ఆ సాయంత్రం నలుగురూ ఆరిన సిగార్లు మళ్ళీ ముట్టించారు.

కిటికీలోంచి అధ్యక్షుడు వేలు చూపించాడు. వసారాలో ఏజెంటు తన సిగారుకు కవరు ఒలిచి పారేసి, స్తంభానికి ఆనుకుని హాయిగా పొగ వదులుతున్నాడు.

“చూశారా, ఒలుచుకుని కాలుస్తున్నాడు! ఏం లాభం, అమ్ముకునేవాడికి అమ్మడమే తెలుసు.”

అందరికంటే గట్టిగా నవ్వింది పళ్ళ డాక్టరే. కరిగిన కవరు అతని ముందు పళ్ళకు ముద్దలా పట్టి గడ్డకట్టి, నవ్వాక నోరు మూతపడలేదు.