కార్డులో ఉన్న అమ్మ

వరంగల్‌లో ఒకానొక మిల్లు కార్మికుల బీమా దవాఖానలో 1979 నుంచి గొప్ప మానవతా విధానం అమలవుతోంది. కార్మికుడు భార్యను విడిచిపెట్టినా, అతని బిడ్డను దవాఖాన విడిచిపెట్టదు. కార్మికుడి బీమా కార్డులో ఉన్న అమ్మ వెంట వస్తే చాలు.

కొత్తవాడలో జంపఖానాలు నేసే యాకమ్మకు ఈ దయ సంగతి తెలియదు. ఆమె మొగుడు ఎల్లస్వామి ఆ మిల్లులోనే పని చేస్తాడు. ఏడాది కింద కులపెద్దలు కూర్చుని, పుల్ల విరిచి పెళ్లి తెంపి, ఇద్దరికీ ఇడుపు కాయితం రాసిచ్చారు. మగ్గం ఎవరిదో, మేక ఎవరిదో, ఇత్తడి బిందె ఎవరిదో పొద్దుగూకే దాకా తేల్చారు. వాళ్ల ఆరేళ్ల బిడ్డ సరస్వతి తల్లి దగ్గరుండాలన్న మాట మాత్రం లేచి పంచెలు దులుపుకుంటూ కాయితం చివర రాయించారు. ఎంత పెద్ద మనసులు! నెల తిరక్కుండా ఎల్లస్వామి సుగుణను చేసుకుని, కార్డులో యాకమ్మ పేరు కొట్టించి ఆమె పేరు ఎక్కించాడు. బిడ్డ పేరు జోలికి ఎవరూ పోలేదు.

సరస్వతికి దగ్గు పట్టి నెల దాటింది. యాకమ్మ ఎల్లస్వామిని బతిమాలి కార్డు తీసుకుని, పిల్లను చంకనేసుకుని దవాఖానకు పోయింది. గుమాస్తా రాజేశ్వర్ రావు కార్డు చూసి కళ్లజోడు సవరించుకున్నాడు.

"నువ్వెవరమ్మా?"

"కన్నతల్లిని సారూ."

"కన్నవు, కాదంటలేను. గని కార్డుల లేవు. పోయి అమ్మను తోలియ్యి."

మర్నాడు సుగుణ వచ్చింది. పందొమ్మిదేళ్ల పిల్ల, పాపం చెడ్డది కాదు. పిల్ల అన్నం తింటోందా, రాత్రిళ్లు చెమట పడుతోందా అని డాక్టరు అడిగితే బిక్కమొహం వేసింది.

"గౌను తడిసేటట్టు పడ్తాంది సారూ!" అని కిటికీ అవతల నుంచి యాకమ్మ అరిచింది.

"బయటోళ్లు మాట్లాడొద్దు!" అని రావు గద్దించాడు.

డాక్టరు క్షయ అని తేల్చి, ఏడాదిన్నర మందులు రాశాడు. తల్లికి బిడ్డ మీద బొత్తిగా శ్రద్ధ లేదని కూడా చీటీలో రాశాడు.

మందులు ఇవ్వబోతుండగా రావుకు ఇంకో ధర్మసందేహం కలిగింది.

"బిడ్డ, కార్డు ఉన్నాయన ఇంట్లనే ఉండాలె. ఎల్లుండి వచ్చి తనిఖీ చేస్త. అప్పుడే మందులు. ఫికర్ చెయ్యకుండ్రి, నేనున్న."

యాకమ్మ ఇడుపు కాయితం పట్టుకుని కులపెద్ద సాంబయ్య ఇంటికి ఉరికింది. ఆయన నిదానంగా చుట్ట వెలిగించుకున్నాడు.

"కాయితంల పిల్ల నీదని రాసినం గని, దగ్గు ఎవలదో రాయలే గద బిడ్డా!"

ఆ మాటతో యాకమ్మ ఇంటికొచ్చి సరస్వతి బట్టలు మూటగట్టింది. ఎల్లస్వామి ఇంటికి పోయే దారి పొడుగునా బిడ్డకు ఒకటే పాఠం చెప్పింది, చెప్పించుకుంది.

తనిఖీ రోజు రావు ఎల్లస్వామి ఇంట్లో మంచమ్మీద కూర్చుని చాయ్ తాగాడు. పక్కన సాంబయ్యా, ఇంకో ఇద్దరు పెద్దలూ సాక్షులు. గడప అవతల యాకమ్మ పక్కింటి మనిషిలా నిలబడింది.

"మీ అమ్మ ఎవరు బిడ్డా?"

సరస్వతి గడప వైపు చూసింది. యాకమ్మ తల తిప్పుకుంది. పిల్ల సుగుణ కొంగు పట్టుకుని, నేర్పింది నేర్పినట్టు, "గీమెనే" అంది.

"శభాష్! తల్లి పెంపకం అంటే గిట్లుండాలె" అంటూ రావు మందుల కాగితం మీద సంతకం చేశాడు. పెద్దలందరూ సుగుణ వైపు తిరిగి మెచ్చుకోలుగా తలలూపారు. యాకమ్మ కూడా ఊపింది.