నోలీన్ రాసిన సునామీ

ఆ గురువారం ఉదయం నోలీన్ వేసుకున్న పథకం చిన్నదే. ఓవెన్ వేడెక్కేలోగా కమ్యూనిటీ హాలుకు పోయి, సాయంత్రం క్లాసుకు రాసిన వ్యాసం ప్రింటు తీసుకుని వచ్చేయాలి.

స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాక ఆవిడ ఈ రచనా క్లాసులో చేరింది. పాఠం చెప్పే వైమారీ సిటీ నుంచి వస్తుంది. "తెలిసింది రాయకండి. తెలియనిది పట్టుకుని ఒక్క పేజీ రాయండి, కళ్లముందు జరుగుతున్నట్టే. రాస్తుంటే మీకేం తెలియదో తెలుస్తుంది" అంటుంది. టోరియా బే ఒడ్డునే పుట్టి పెరిగినా, సునామీ వస్తే ఎటు పరుగెత్తాలో నోలీన్‌కు సరిగ్గా తెలియదు. అందుకే అదే రాసింది.

హాల్లో ప్రింటు మిషను రెండు కాపీలు కక్కింది. నోలీన్ ఒకటి తీసుకుని, ఓవెన్ గుర్తొచ్చి ఇంటికి పరుగెత్తింది. జిల్లా ఆఫీసు నోటీసులు వచ్చేదీ ఆ మిషన్లోకే. హాలు చూసుకునే డెస్ వచ్చి రెండో కాపీ తీశాడు. పైన పేరూ లేదు, ఊరూ లేదు.

"సముద్రం వెనక్కి పోయింది. కార్లు వద్దు. నడిచి కొండెక్కండి."

డెస్ కిటికీలోంచి చూశాడు. రోజూ నీళ్లు తగ్గే ఆటు సమయం. సముద్రం నిజంగానే వెనక్కి పోయి ఉంది. అతను వెంటనే స్కూలుకు ఫోన్ చేశాడు. పిల్లలు వరసగా కొండెక్కడం చూసి తల్లిదండ్రులు వెంటపడ్డారు. వాళ్లను చూసి మిగతా ఊరు కదిలింది.

నోలీన్ స్కోన్ బన్నులు ఓవెన్‌లో పెట్టబోతుంటే పక్కింటి మావిస్ తలుపు బాదింది. తలకు సగమే రంగు పట్టించి ఉంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా తల్లీ? సముద్రం వెనక్కి పోయిందట, పద!"

నోలీన్ ఓవెన్ కట్టేసి, పిల్లిని చంకలో ఇరికించుకుని, మోకాళ్ల నొప్పి మరిచిపోయి కొండెక్కసాగింది. 'నిన్ననే రాశాను, ఇవాళే వచ్చేసింది' అనుకుంది.

"పిల్లిని తెచ్చావేమిటి? పిల్లుల సంగతి గవర్నమెంటు ఇంకా తేల్చలేదట కదా" అంది మావిస్ ఆయాసపడుతూ.

"ఎవరన్నారు?"

"నోటీసులో ఉందట. 'పిల్లుల్ని తీసుకుపోవాలా వద్దా అన్నది ఇంకా తెలుసుకోవాలి' అని."

నోలీన్ నడక ఆగిపోయింది. ఆ వాక్యం ఆవిడదే.

కొండమీద డెస్ కాగితం పట్టుకుని మూడోసారి చదువుతున్నాడు. ఊరంతా బిక్కుబిక్కుమంటూ సముద్రంకేసే చూస్తోంది. చెబితే తంతారు. చెప్పకపోతే పసిపిల్లలు చలిలో సాయంత్రందాకా నిలబడాలి. నోలీన్ పిల్లిని గట్టిగా హత్తుకుంది.

"డెస్, అది నోటీసు కాదు. నా హోంవర్కు."



"హోంవర్కా?" అంది మావిస్. "నా జుట్టు సగం నల్లగా, సగం తెల్లగా ఉండిపోయింది నీ హోంవర్కు కోసమా?"

నలుగురూ అందుకోబోతుండగా జిల్లా ఆఫీసు అధికారిణి కారు దిగింది. స్కూలు వాళ్లు ఫోన్ చేశారట. ఆవిడ జనాన్ని చూసింది, కాగితం చదివింది. నోలీన్ జైలుకు ఏ బట్టలు తీసుకుపోవాలా అని ఆలోచిస్తోంది.

"పోయినసారి సునామీ మాక్ డ్రిల్లుకు రంగుల కరపత్రాలు పంచాం. వచ్చింది డెస్, ఆయన కుక్క" అంది అధికారిణి. "ఇవాళ ఒక్క కారూ బయటకు తీయకుండా ఊరంతా వచ్చింది. ఇకమీద మా నోటీసులు మీరే రాయాలండీ."

జనం ముందు గొణిగి, తర్వాత చప్పట్లు కొట్టారు. మావిస్ కూడా కొట్టింది, ఆలస్యంగా. నోలీన్ ఆ రాత్రి చాన్నాళ్లకు హాయిగా నిద్రపోయింది.

మరుసటి నెల అసలు డ్రిల్లుకు సైరన్ మోగితే కొండెక్కింది నోలీన్ ఒక్కతే. ఆవిడ మళ్లీ వ్యాసం రాస్తోందనుకుని ఊరంతా ఇళ్లలోనే ఉండిపోయింది.