ఒక బౌలరు, రెండు కిటికీ ఏసీలు

బహ్రెయిన్‌లో జూన్ ఎండను తిట్టని వాడు లేడు. దయచేసి తిట్టకండి. ఆ ఎండే లేకపోతే క్రికెట్‌కు విరామం ఉండదు. విరామం లేకపోతే టీముల మధ్య ఆటగాళ్ల మార్పిడి ఉండదు. మార్పిడి లేకపోతే ఒక మనిషి విలువెంతో ఆ మనిషికి ఈ జన్మలో తెలియదు! కోరుట్ల పక్క పల్లెలో ఇరవై ఎనిమిదేళ్లు బతికినా భూమేష్‌కు తన విలువ తెలియలేదు. తొంభై ఆరు జూన్‌లో, తుబ్లీ క్యాంపు మెస్‌లో అంటించిన ఒక్క కాగితంతో తెలిసిపోయింది. ఒక ఎడమచేతి బౌలరు, రెండు కిటికీ ఏసీలు.

ఏసీలు కొత్తవి కావు. అయినా నడుస్తాయట.

భూమేష్ వీసా మీద తాపీ మేస్త్రీ. శుక్రవారం పూట మాత్రం 'తుబ్లీ తూఫాన్' ఫాస్ట్ బౌలర్. తూఫాన్ అంటే వాళ్ల కన్‌స్ట్రక్షన్ కంపెనీ టీము. అందులో ప్రతివాడూ వారంలో ఆరు రోజులు ఇటుకలు, ఇనుము మోసి, ఏడో రోజు విశ్రాంతిగా పరుగెత్తేవాడే. ఇలాంటి ఆరోగ్య పథకం ఏ దేశంలో ఉంది చెప్పండి?

ఇంతకుముందు ఎండాకాలం వస్తే ఆట ఆగేది, అంతే. ఆ ఏడాది యజమాని కొడుకు ఫహద్ చదువు ముగించుకుని అమెరికా నుంచి దిగాడు. అక్కడ బేస్‌బాల్ అని ఒక ఆట ఉందట. చలికాలంలో మైదానాలు మూసి, టీములన్నీ ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకుంటాయట. ఆడిన ఆరు నెలల కంటే ఆడని ఆరు నెలలే అక్కడి జనానికి ఎక్కువ ఉత్సాహమట. ఫహద్‌కు క్రికెట్ రాదు. మార్పిడి మాత్రం క్షుణ్ణంగా వచ్చు. పైగా తూఫాన్ ఫైనల్లో మూడు పరుగుల తేడాతో ఓడింది. ఇక టీమును మొదటి నుంచి కట్టాలన్నాడు. కన్‌స్ట్రక్షన్ కంపెనీ కదా, కట్టడం ఎవరు కాదంటారు?

వికెట్ కీపర్ లింగన్నను బుదైయాలో మొక్కల నర్సరీకి ఇచ్చి, బదులుగా ఒక స్పిన్నర్‌ను, లారీ ఎరువును తెచ్చారు. సిమెంటు పనికి ఎరువెందుకని అడగకండి. ఫహద్ గారి విల్లాకు తోట ఉంది. ఓపెనర్ రాహీల్‌ను నీళ్ల ట్యాంకర్ల కంపెనీకి ఇచ్చారు. భూమేష్‌ను ఉమ్మ్ అల్ హస్సామ్‌లో లిఫ్టులూ ఏసీలూ బాగుచేసే కంపెనీకి రాశారు. పాత కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, రిలీజ్ కాగితం ఇస్తాడు, కొత్త కఫీల్ తీసుకుంటాడు, పాస్‌పోర్టు ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకు నడుస్తుంది. మనిషి దాని వెనకే వెళ్తాడు. ఎంత సులువు!

భూమేష్ మాత్రం ఈ గౌరవాన్ని అర్థం చేసుకోలేకపోయాడు. జులైలో అతని సెలవు. మూడేళ్లుగా ఇంటి ముఖం చూడలేదు. రెండేళ్లకే రావలసిన సెలవును నిరుడు టోర్నమెంటు ఉందని ఆపారు. ఈలోగా భార్య విజయరాణి ఊళ్లో వార్డు మెంబరుగా గెలిచింది. ఆమె ఉత్తరం అతని దిండు కింద ఉంది. "ఇంక ఫోటోలు పంపకు. మనిషివి రా. పంచాయతీల అందరు నీ పేరు చెప్పే నన్ను పిలుస్తున్నరు, నాకు నీ ముఖమే యాదికొస్తలేదు" అని రాసింది.

అతను తిన్నగా స్టోరు గదికి వెళ్లాడు. స్టోర్‌కీపర్ ముర్తుజా హైదరాబాదీ. టీముకు మేనేజర్ కూడా అతనే. మెస్‌లోని లిస్టు అతని చేతిరాతే.

"ముర్తుజా భాయ్, బోర్డు మీద నా పేరున్నది."

"ముబారక్. మంచి కంపెనీ. అంతా నీడ పని."

"జులైల నా సెలవు గదా."

ముర్తుజా పెన్ను మూత పెట్టాడు. "కొత్త కఫీల్ దగ్గర సర్వీసు మళ్ల మొదటికెళ్లి. రెండేండ్లు ఆగాలె."

"నన్ను ఒక్క మాట అడగలేదేంది భాయ్?"

"అడిగిన్రు గదా. నీ గురించి నన్ను అడిగిన్రు. మంచిగ బౌలింగ్ చేస్తడా అన్నరు. చేస్తడు అన్న."

భూమేష్ గుమ్మం వైపు తిరిగాడు.

"శుక్రవారం పొద్దుగాల వాళ్ల మేనేజర్ వచ్చి చూస్తడు," అన్నాడు ముర్తుజా. "ఆయనకు నచ్చితే ఖలాస్."

"నచ్చకపోతే?"

ముర్తుజా అతని ముఖంలోకి చూశాడు. "నువ్వు నచ్చకపోవుడు ఎందుకుంటది?" అని, మేకుల పెట్టె మూత తీసి ఎంచడం మొదలుపెట్టాడు.

క్యాంపు గదిలో భూమేష్ పక్క మంచం బాలన్నది. నలభై ఆరేళ్ల సెంట్రింగ్ వడ్రంగి. ఎండలో వంగి వంగి నడుము పట్టేసింది. టీములో పన్నెండో మనిషి. అంటే నీళ్ల క్యాను మోసేవాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర భూమేష్ చెప్పిందంతా విని, అతను నెమ్మదిగా అన్నాడు.

"నీడ పని అంటివి గదరా తమ్ముడూ. నన్నెవ్వరు అడుగుతలేరు. ఏ లిస్టుల నా పేరు లేదు."

భూమేష్ చేతిలో ముద్ద ఆగింది. "శుక్రవారం నువ్వు బ్యాటు పట్టుకో బాలన్నా."

"నాకేమొస్తదిరా?"

"ఏం రావద్దు. కండ్లు తెరిచి బ్యాటు ఊపు. బంతిని నేను తెచ్చి దానికి తాకిస్త."

శుక్రవారం ఎండ ముదరకముందే తుబ్లీ ఇసుక మైదానంలో పిచ్‌గా చాప పరిచారు. ఉమ్మ్ అల్ హస్సామ్ నుంచి జగ్గారావు గొడుగుతో, టీ ఫ్లాస్కుతో దిగాడు. కాకినాడ మనిషి, ఆటంటే ప్రాణం. క్యాంపులో సగం మంది చుట్టూ చేరారు. భూమేష్ బౌలింగ్ అంటే వాళ్లకు ఉచిత సినిమా.

చెడ్డగా ఆడటం మంచిగా ఆడటం కంటే కష్టమని పాఠకుల్లో ఎందరికి తెలుసు? భూమేష్‌కూ తెలియదు. నెమ్మదిగా వేద్దామనే పరుగెత్తాడు. చెయ్యి వినలేదు. బంతి బాలన్న చెవి పక్కనుంచి బుర్రున పోయింది. బాలన్న చాప మీద చతికిలబడ్డాడు. బంతి తెచ్చే నెపంతో భూమేష్ దగ్గరికి వెళ్తే, అతను గొణిగాడు.

"నేను బతికి నీడకు పోవాలెరా."

రెండో బంతి నుంచి భూమేష్ పళ్లు బిగపట్టాడు. చేతిని వదులు చేశాడు, మణికట్టును చంపేశాడు. బంతి మెత్తగా, పసిపిల్లకు అన్నం ముద్ద అందించినట్టు వెళ్లింది. బాలన్న ఊపాడు. తగిలింది! ఇంకోటి. అదీ తగిలింది. నాలుగోది మైదానం దాటి వర్క్‌షాపు రేకుల మీద పడి మోగింది.

ఆ మోతకు చుట్టూ మాటలు ఆగిపోయాయి. ఒకడు "భూమేష్ పని అయిపోయింది" అన్నాడు. మరొకడు లేచి వెళ్లిపోయాడు. భూమేష్ చెవులు వేడెక్కాయి. ఒక్క బంతి, ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా వేసి ఆ వికెట్లు పీకి పారేస్తే చాలు, మళ్లీ మనిషినైపోతాను అనిపించింది. బంతిని వేళ్ల మధ్య గట్టిగా పట్టుకున్నాడు కూడా. ఎదురుగా బాలన్న ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో బ్యాటు పట్టుకుని, అతన్ని నమ్మి నిలబడి ఉన్నాడు.

భూమేష్ వేళ్లు సడలించాడు. ఆ బంతీ రేకుల మీదే పడింది.

జగ్గారావు టీ తాగడం మరిచిపోయాడు. "ఈ బౌలరు గురించి ఏదేదో విన్నానండీ," అన్నాడు ముర్తుజాతో. "పాపం, భుజం పోయినట్టుంది. ఆ బ్యాటింగ్ చేసే పెద్దాయన్ని ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?"

బాలన్నకు బదులుగా తూఫాన్‌కు ఆ రెండు ఏసీలూ వచ్చాయి. నెలాఖరుకు అతను ఉమ్మ్ అల్ హస్సామ్‌లో చల్లటి లిఫ్టు గదిలో స్క్రూలు బిగిస్తున్నాడు. అక్టోబరులో సీజన్ మొదలయ్యేదాకా అతనికి ఏ భయమూ లేదు. భుజం పోయిన బౌలరు సంగతి ఫహద్‌కు చెప్తే, అమెరికాలో దెబ్బతిన్న వాళ్లకు వేరే లిస్టు ఉంటుందని గుర్తొచ్చి సంబరపడ్డాడు. ఆ లిస్టులో భూమేష్ పేరు రాసి, దానితోపాటే సెలవు కాగితం మీద సంతకం పెట్టాడు. మూడేళ్లు మంచిగా ఆడినందుకు దొరకని సెలవు ఒక్క పొద్దున చెడగొట్టినందుకు దొరికింది.

జులై పదో తారీఖు మధ్యాహ్నం ముర్తుజానే పికప్‌లో ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాడు. బండి ఆపి, జేబులోంచి పాస్‌పోర్టు తీసి చేతిలో పెట్టాడు.

"మొదటి బంతి మంచిగ పడ్డది," అన్నాడు. "మిగిలినయి వేసుడు మస్తు కష్టమై ఉంటది."

భూమేష్ తల దించుకున్నాడు. "నీకు ఎరుకనేనా భాయ్?"

"మూడేండ్ల సంది చూస్తున్న నీ చెయ్యి."

"మరి ఫహద్‌కు చెప్పకపోతివి."

ముర్తుజా స్టీరింగు మీద చేతులు పెట్టి ఎదుటి గోడ వైపు చూశాడు. "నేను ఇంటికి పోయి అయిదేండ్లు. సెలవు అడిగితే, నువ్వు పోతే లిస్టులు ఎవరు రాస్తరు అంటడు. ఇంటికాడ నా భార్య గజాలా ఉత్తరాలు రాసుడు గూడ బంద్ చేసింది."

"నువ్వు గూడ ఖరాబ్ చెయ్యరాదు భాయ్, నీ పని."

"చేసిన. ఈసారి ఒక్క టీములకు ముగ్గురు వికెట్ కీపర్లను పట్టుకొచ్చిన. ఇంతకన్న ఖరాబ్ లిస్టు ఉంటదా? ఫహద్‌కు మస్తు పసందైంది. వచ్చే ఏడు హాకీ టీము గూడ నువ్వే చూస్కో అన్నడు."

భూమేష్‌కు నవ్వు రాబోయి ఆగింది. బ్యాగు దించుకుని ముర్తుజా చెయ్యి పట్టుకున్నాడు. వెనక బండ్లవాళ్లు హారన్ కొట్టేదాకా వదల్లేదు.

కనుక సెలవు కోరే పాఠకులారా, శ్రద్ధగా పనిచేసి ఎవరూ పాడైపోకండి. నిర్భయంగా చెడగొట్టండి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. చెడిందని యజమానికి తెలిసే పని ఏదో, ముందే చూసుకుని ఎంచుకోండి.