ఖాళీ గడి

పొద్దున ఆరింటికి లేచి, తొమ్మిదికల్లా పన్నెండు పాటల్ని ముక్కలు కోసి, పదింటికి స్నానం చేసి, పదకొండుకి స్కేటింగ్ హాల్లో ఉద్యోగస్తుడైపోవాలన్నది మైకాయన పథకం. ముప్పై ఏళ్ళు మైకుసెట్టు అద్దెకిచ్చిన మనిషి. డీజేలు వచ్చాక స్పీకర్లు అటకెక్కాయి, వాటి వెనకే ఆయన బతుకూ ఎక్కింది. స్కేటింగ్ హాలు మేనేజరు ఒక్క అవకాశం ఇస్తానన్నాడు. పదకొండు గంటల బ్యాచికి అప్పటికప్పుడు పాటలు కలుపుతూ నడిపి చూపించాలి. నెగ్గితే రోజూ పని. లేదంటే బావమరిది టైర్ల షాపే గతి. బావమరిది కింద పనిచేయడం కంటే టైరు కింద పడటం నయమని మైకాయన అభిప్రాయం.

వంటింటి బల్ల మీద సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. అమ్మినవాడు అరగంట నేర్పాడు. తెర నిండా గళ్ళు. కోసిన పాట ముక్కని ఒక గడిలో పెట్టి నొక్కితే, ఆపేదాకా అదే తిరిగి తిరిగి మోగుతుంది. ఎప్పుడు నొక్కినా తాళం తప్పకుండా సాఫ్ట్‌వేరే సర్దుకుంటుంది. ఆపాలంటే దాని కిందున్న ఖాళీ గడి నొక్కాలి. ప్రతి నిలువు వరసకీ అడుగున ఒక ఎర్ర దీపం ఉంది. దాని సంగతి అమ్మినవాడు చెప్పలేదు. అడిగితే చదువు రానివాడనుకుంటాడని మైకాయనా అడగలేదు. యాంప్లిఫయరుతో కాపురం చేసినవాడికి ఎర్ర దీపమంటే కరెంటొచ్చిందని అర్థం. అన్నిటినీ వెలిగించేశాడు.

అదే కొంప ముంచింది. ఆ దీపం వెలుగుతుంటే ఖాళీ గడి పాటని ఆపి ఊరుకోదు. చుట్టుపక్కల వినపడిందల్లా రికార్డు చేసి తనలో దాచుకుంటుంది, మళ్ళీ నొక్కితే అదే వినిపిస్తుంది.

"బావా, పంక్చరు వేయడానికి ఇన్ని గళ్ళు అక్కర్లేదు" అన్నాడు, టీ కోసమని వచ్చి వెళ్ళని బావమరిది. "నీకు ఉద్యోగం ఇస్తానన్నాడా? ఆ మేనేజరు బుర్ర కంటే మా షాపులో ట్యూబు నయం. గాలన్నా నిలుస్తుంది."

"నువ్వు నోరు మూసుకోరా. ఏవండీ, మీరు కాళ్ళు తీయండి" అంటూ ఆయన భార్య తడిగుడ్డతో బల్ల కిందకి వచ్చింది. "నేల తుడవాలా వద్దా? ఇంటినిండా వైర్లే!"

మైకాయన ఒక్కో ముక్కని మోగించడం, కింద గడి నొక్కి ఆపడం, ఇంకో వరసకి పోవడం. కాసేపటికి కింది గళ్ళలో కొన్ని వాటంతట అవే నిండి ఉండటం చూశాడు. ఒకటికి రెండు కాపీలు చేసి దాచింది, మనుషుల కంటే యంత్రమే నయం అనుకుని లాప్‌టాప్ మూసేశాడు.

హాల్లో పదిమంది పెద్దవాళ్ళు స్కేట్లు కట్టుకుని గోడ కమ్మీని కావలించుకుని ఉన్నారు. మూడు వారాలుగా అదే భంగిమ. సగం మంది మానేశారని మేనేజరు దిగులు. మొదటి పాట బాగా మోగింది. రెండో వరసలో డప్పు దెబ్బ కలిపాడు, అదీ కుదిరింది. ఇక పాట మారుద్దామని మొదటి వరసలో పాట కింద గడి అలవాటుగా నొక్కాడు.

"ఆ మేనేజరు బుర్ర కంటే మా షాపులో ట్యూబు నయం. గాలన్నా నిలుస్తుంది" అన్నాయి ఆరు స్పీకర్లు, డప్పు దెబ్బకి సరిగ్గా సరిపోయేలా. మళ్ళీ అన్నాయి.

మైకాయన గబుక్కున దాని కిందున్న ఖాళీ గడి నొక్కాడు. ట్యూబు ఆగింది.

"ఎవడి బుర్రయ్యా? ఆపు! ఆపమంటుంటే!" మేనేజరు తలుపు దగ్గర్నుంచి కేకేశాడు.

ఆగిందో లేదోనని మైకాయన అదే గడి ఇంకోసారి నొక్కాడు. "ఎవడి బుర్రయ్యా? ఆపు!" అని హాలంతా మేనేజరు గొంతు మోగింది. తన గొంతు తననే గదమాయిస్తుంటే మేనేజరు మొహం కందగడ్డయింది. ప్లగ్గు పీకేయడానికి గోడ వైపు ఉరికాడు. మైకాయన ఇంకో ఖాళీ గడితో ఆ గొంతు ఆపి, మూడో వరసలో ఏదో గడి నొక్కాడు.

"కాలెత్తండి! పక్కకి జరపండి! ఆ రెండోది కూడా! నా వంక కాదు, ముందుకి చూడండి!"

డప్పు మోగుతూనే ఉంది. కమ్మీ పట్టుకున్న రిటైరైన లెక్కల టీచరమ్మ ఉలిక్కిపడి కాలెత్తింది. పక్కకి జరిపింది. రెండోదీ జరిపింది. చూస్తే కమ్మీ చేతిలో లేదు. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. మూడు వారాల్లో మొదటిసారి పదిమందీ హాలు చుట్టి వచ్చారు.

"ఆ గొంతు అచ్చం మా అత్తగారిదే! కాలు దానంతటదే లేస్తోంది!" అని అరుస్తూ టీచరమ్మ రెండో చుట్టుకి వెళ్ళిపోయింది.

ప్లగ్గు మీద చెయ్యి పెట్టిన మేనేజరు అలాగే ఉండిపోయాడు. "ఎవరయ్యా ఆవిడ?"

"మా ఆవిడండీ."

"స్కేటింగ్ నేర్పుతుందా?"

"ఇల్లు తుడుస్తోందండీ."

మేనేజరు ప్లగ్గు మీంచి చెయ్యి తీశాడు. "రేపట్నుంచి వచ్చెయ్. పాటలు తగ్గించి ఆవిణ్ణి పెంచు. మలుపు తిరగడం, ఆగడం కూడా ఆవిడ చేతే చెప్పించు."

"మరి... ఆ బుర్ర మాటండీ..."

"అదెవరన్నారు?"

"మా బావమరిదండీ."

"అతనికి మాత్రం ఇక్కడ ఉద్యోగం లేదు."

సాయంత్రం మైకాయన భార్యని కుర్చీలో కూర్చోబెట్టి, సంగతంతా చెప్పి, ఎర్ర దీపం ఈసారి తెలిసి వెలిగించాడు. ఆవిడ చెంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది.

"మాన్యులారా, దయచేసి మీ కుడి పాదమును పైకెత్తవలసిందిగా ప్రార్థన."

"అలాక్కాదు, మామూలుగా చెప్పు."

"మామూలుగానే సెలవిస్తున్నానండీ."

ఆ మాటకి పాదం కాదు కదా, కనురెప్ప కూడా లేవదు. ఆరుసార్లు చెప్పించాడు. ఆరోసారికి ఆవిడ 'మహాశయులారా' దాకా వెళ్ళింది. నిజంగా ఒళ్ళు మండితే తప్ప ఆ గొంతు బయటికి రాదని మైకాయనకి అర్థమైంది. అంటే ఇక మీదట రోజూ భార్యకి కోపం తెప్పించడమే ఉద్యోగం.

ఆ రంగంలో ఆయనకి ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది.